తీగ బలం ఎక్కడుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు ఇంజనీరుగా సాధించినదాని గురించి ఓ అరగంట మాట్లాడండి, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది" అన్నారు. సరేనన్నాను. ఫోను పెట్టేశాక ఆలోచిస్తే, సాధించినవి చెప్పడానికి ఈ వేదిక మీద నాకంటే తగినవాళ్లు చాలామంది ఉన్నారనిపించింది. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం నేనే చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు. అది ఒక సన్నటి తీగకు సంబంధించినది. ఆ తీగను నేను మొదటిసారి చూసింది ఈ బడిలోనే.

మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. వరండా చివర, వేపచెట్టు పక్క గది సైన్సు లాబొరేటరీ. తొమ్మిదో తరగతిలో ఒకరోజు సైన్సు మాస్టారు గాజుసీసాలోంచి బూడిదరంగు తీగ చుట్ట ఒకటి తీశారు. రెండంగుళాల ముక్క కత్తిరించి గరుకు కాగితంతో రుద్దారు. బూడిదరంగు పోయి వెండిలా మెరిసింది. పట్టకారుతో పట్టుకుని, "తేరిపార చూడకండి, కళ్లు దెబ్బతింటాయి" అంటూ స్పిరిట్ దీపం మీద పెట్టారు. గదంతా తెల్లటి వెలుగు. తరవాత మిగిలిన తెల్లపొడిని నీళ్లలో కలిపి ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే అది నీలంగా మారింది. అది మెగ్నీషియం తీగ.

నేను లేచి, "ఇంత తొందరగా కాలిపోయేదాన్ని దేనికి వాడతారు మాస్టారూ?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "నాకు తెలిసినంతలో టపాకాయల్లో, ఫొటోలు తీసేటప్పటి ఫ్లాషులో వాడతారు. ఇంకేమేం పనులకు వాడతారో పెద్దయ్యాక నువ్వే తెలుసుకుని నాకు చెప్పు" అన్నారు. తనకు తెలిసినదెంతో అంతే చెప్పడం ఆయన అలవాటు.

ఆయనకు మరో అలవాటు కూడా ఉండేది. ప్రయోగాల పుస్తకంలో రబ్బరు వాడనిచ్చేవారు కాదు. "అంకె తప్పనిపిస్తే దాని మీద ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది రాయి. పాత అంకె నాకు కనిపించాలి" అనేవారు. రబ్బరుతో చెరిపినందుకు మా వరుసలో చాలామందిమి గోడకుర్చీ వేశాం. అది ఆయన చాదస్తం అనుకునేవాళ్లం. ఆ మాట మళ్లీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు మెగ్నీషియం సంగతి. ఇది మనకు పరాయి వస్తువేమీ కాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. మన ఊరి ఉప్పు మడుల్లో ఉప్పు తీసేశాక మిగిలే చేదునీళ్లలో ఎక్కువగా ఉండేవి దీని లవణాలే. వానాకాలంలో మీ ఇంట్లో జాడీలోని కల్లుప్పు చెమ్మగిల్లుతుందే, దానికి కారణం అందులో అంటుకుని ఉన్న మెగ్నీషియం క్లోరైడ్. గాలిలో తేమను అది లాక్కుంటుంది. 1941లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో, ఫ్రీపోర్ట్ అనే చోట, ఏకంగా సముద్రపు నీటినుంచే ఈ లోహాన్ని తియ్యడం మొదలుపెట్టారు.

మన ఒంట్లోనూ ఉంది. పెద్దవాళ్ల శరీరంలో దాదాపు 25 గ్రాములుంటుంది, అందులో సగానికి పైగా ఎముకల్లోనే. రోజుకు మూడు నాలుగు వందల మిల్లీగ్రాములు తిండి ద్వారా అందాలి. ఎక్కువైనది మూత్రంలో పోతుంది.

ఇక బరువు. ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7, మెగ్నీషియం 1.74 మాత్రమే. నిర్మాణాలకు పనికొచ్చే లోహాల్లో ఇంత తేలికైనది లేదు. అందుకే విమానాల్లో, కారు భాగాల్లో, కెమెరా, లాప్‌టాప్ పెట్టెల్లో దీన్ని వాడతారు. మన ఇళ్లలో వేడినీళ్ల గీజరు లోపల కూడా ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడుతూ ఉంటుంది. ఉప్పునీటి ఊళ్లలో ఉన్నవాళ్లకు మెకానిక్ దాన్ని విప్పి చూపించే ఉంటాడు, సగం తినేసిన చెరకు ముక్కలా. ఇనుప ట్యాంకు తుప్పు పట్టకుండా దానికి బదులు ఆ కడ్డీ కరిగిపోతుంది. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇనుమూ మెగ్నీషియమూ తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే, కరిగేది ఎప్పుడూ మెగ్నీషియమే.

ఇంత కరిగే గుణమున్నదాన్ని తీగగా తీసి మనిషి ఒంట్లో పెట్టాలని ఎందుకనుకుంటారు? కరిగే గుణం ఉంది కాబట్టే.

మా అమ్మ ఒకసారి బావి గట్టు దగ్గర జారిపడింది. మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. డాక్టర్లు స్టీలు పిన్నులు గుచ్చి, చుట్టూ స్టీలు తీగ బిగించి ముక్కలను దగ్గరకు లాగారు. ఎముక చక్కగా అతుక్కుంది. కానీ ఆ తీగ కొస చర్మం కింద గుచ్చుకునేది. కింద కూర్చోలేకపోయేది. ఏడాది తరవాత దాన్ని తియ్యడానికి మళ్లీ ఆపరేషన్, మళ్లీ మత్తు, మళ్లీ ఖర్చు. "అతికాక అదే పోతే ఎంత బాగుండేదిరా" అంది అమ్మ. నేను లోహాల ఇంజనీరునని ఆవిడకు తెలుసు, అయినా ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు. నాకు మాత్రం మాస్టారిని నేనడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

ఈ ఆలోచన అమ్మకంటే చాలా ముందే వైద్యులకు వచ్చింది. 1878లో ఎడ్వర్డ్ హ్యూస్ అనే అమెరికా వైద్యుడు రక్తనాళాలను కట్టడానికి మెగ్నీషియం తీగనే వాడాడు. అది ఒంట్లో మెల్లగా కరిగిపోవడం గమనించాడు. 1906లో బెల్జియంలో అల్బిన్ లాంబాట్ అనే శస్త్రవైద్యుడు విరిగిన కాలి ఎముకకు మెగ్నీషియం పలక పెట్టాడు. దాన్ని బిగించడానికి మాత్రం బంగారు పూత పూసిన ఉక్కు మేకులు వాడాడు. ఎనిమిది రోజుల్లో పలక ముక్కలైపోయింది. చర్మం కింద గ్యాసు నిండిపోయింది. గీజరులో జరిగేదే అక్కడ మనిషి కాలిలో జరిగింది. ఉక్కు మేకులు మెగ్నీషియాన్ని తినేశాయి.

ఆ గ్యాసు ఎక్కడిది? పిల్లలకు తెలుసు. మెగ్నీషియం నీటితో కలిస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ బయటికొస్తుంది. ఒక గ్రాము లోహం కరిగితే దాదాపు ఒక లీటరు హైడ్రోజన్. ఎముక చుట్టూ కట్టే 0.3 మిల్లీమీటర్ల తీగ పది సెంటీమీటర్లది తీసుకుందాం. దాని బరువు పన్నెండు మిల్లీగ్రాములు. మొత్తం కరిగితే పన్నెండు మిల్లీలీటర్ల గ్యాసు. అది నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తే ఒంట్లోనే సర్దుకుపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. వారం పది రోజుల్లో వస్తే చర్మం కింద బుడగ కడుతుంది. కాబట్టి అసలు ప్రశ్న తీగ కరుగుతుందా లేదా అన్నది కాదు. ఎంత మెల్లగా, ఎంత సమంగా కరుగుతుందన్నది.

తీగ ఎలా తీస్తారో కొంచెం చెబుతాను. మన ఊరి కంసాలి వీధిలో కమ్మచ్చు చూసినవాళ్లు ఉన్నారా? ఉక్కు పలకకు పెద్దవి, చిన్నవి రంధ్రాలుంటాయి. బంగారు కడ్డీని ముందు పెద్ద రంధ్రంలోంచి, తరవాత దానికంటే చిన్నదానిలోంచి లాగుతూ సన్నటి తీగ చేస్తారు. ఫ్యాక్టరీలో మేము చేసేదీ అదే. కమ్మచ్చు బదులు గట్టి కార్బైడ్, వజ్రపు డైలు, చేతి బదులు మోటారు. అంతే తేడా.

కానీ బంగారం సాగినట్టు మెగ్నీషియం సాగదు. లోహం సాగడమంటే దాని అణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారడం. బంగారం, రాగి, అల్యూమినియంలలో ఆ జారుడుకు దారులు ఎక్కువ. మెగ్నీషియంలో మామూలు వేడిమి దగ్గర పొరలు తేలిగ్గా జారేది ఒక్క తలం మీదే. పేకముక్కల కట్టను పక్కకు తోస్తే జారుతుంది, నిలువుగా నొక్కితే కదలదు, అలాంటిదన్నమాట. అందుకే బలవంతంగా లాగితే పుటుక్కున తెగుతుంది. కాబట్టి ఒక్కోసారి కొద్దిగానే సన్నం చెయ్యాలి, మధ్యమధ్య మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో ఉంచి మెత్తబరచాలి. మూడు మిల్లీమీటర్ల కడ్డీని 0.3 మిల్లీమీటర్ల తీగ చెయ్యాలంటే, ఒక్కో డైలో పదిహేను శాతం చొప్పున తగ్గించుకుంటూ పోతే, ఇరవై తొమ్మిది డైలు దాటాలి. పెన్సిలూ కాగితం ఉన్న పిల్లలు ఇంటికెళ్లి లెక్క వేసి చూడండి.

లాగినకొద్దీ బలం పెరుగుతుంది. పోత పోసిన స్వచ్ఛమైన మెగ్నీషియం చదరపు మిల్లీమీటరుకు ఏ తొంభై న్యూటన్ల దగ్గరో తెగిపోతుంది. సరైన మిశ్రమలోహాన్ని ఎంచుకుని చక్కగా తీగ తీస్తే మూడు వందలు దాటించవచ్చు. మిశ్రమలోహాల పేర్లలోనే వాటి పాళ్లుంటాయి. ఏజడ్31 అంటే అల్యూమినియం మూడు శాతం, జింకు ఒక శాతం. డబ్ల్యూఈ43 అంటే ఇట్రియం నాలుగు, అరుదైన మృత్తికా లోహాలు మూడు. ఒంట్లో పెట్టేవాటికి అల్యూమినియం ఉన్నవి అంతగా ఇష్టపడరు. అందుకే జింకు, కాల్షియం కొద్దికొద్దిగా కలిపిన రకాల మీద పని ఎక్కువగా జరుగుతోంది. మేమూ అదే ఎంచుకున్నాం.

ఇప్పుడు పిల్లలకో చిన్న లెక్క. చదరపు మిల్లీమీటరుకు 300 న్యూటన్ల బలమున్న 0.3 మిల్లీమీటర్ల తీగ రెండు కిలోల పైచిలుకు బరువు మోస్తుంది. పన్నెండు వారాల్లో చుట్టూ 0.05 మిల్లీమీటర్లు కరిగిందనుకోండి. వెంట్రుక మందం కూడా ఉండదది. తీగ 0.2 మిల్లీమీటర్లకు వచ్చింది. అడ్డుకోత వైశాల్యం 44 శాతానికి పడిపోయింది. ఇప్పుడది కిలో కూడా మొయ్యలేదు. అదే కరుగుదల మూడు మిల్లీమీటర్ల కడ్డీకి జరిగితే పోయే బలం ఏడు శాతం లోపే. లోహం ఒకటే, కరిగిన మందమూ ఒకటే. సన్నగా ఉన్నదానికి పోయేది ఎక్కువ.

అది కూడా చుట్టూ సమంగా కరిగితేనే. ఒక్కచోట గుంట పడితే మిగతా తీగంతా కొత్తదిలా మెరుస్తున్నా లాభం లేదు. తెగేది ఆ గుంట దగ్గరే. మాస్టారు గరుకు కాగితంతో రుద్ది తీసేసిన బూడిదరంగు పొర ఉందే, అదే తీగకు కాపలా. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ కరిగించేస్తుంది. మన రక్తంలోనూ ఉప్పుంది. సముద్రంలో పుట్టిన లోహానికి సముద్రపు ఉప్పే శత్రువు.

దానికి తోడు ఇనుము. 1942లో అమెరికాలో డౌ కంపెనీకి చెందిన హనవాల్ట్, నెల్సన్, పెలుబే అనే పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. మెగ్నీషియంలో ఇనుము పది లక్షల పాళ్లలో దాదాపు 170 పాళ్లు దాటితే ఉప్పునీటిలో కరిగే వేగం అమాంతం పెరిగిపోతుంది. నికెల్ అయితే ఐదు పాళ్లే చాలు. రవ్వంత ఇనుము ఉన్నచోటల్లా లోహం లోపలే ఒక చిన్న గీజరు ఉన్నట్టు.

నా తప్పు ఇక్కడే మొదలైంది.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న అభివృద్ధి విభాగానికి నేను బాధ్యుణ్ణి. తీగ తీసి, పరీక్షించి, పశువుల మీద ప్రయోగం చేసే వైద్య బృందానికి పంపడం మా పని. కరిగించిన లోహంలో ఇనుము ఎంతుందో చూశాం, హద్దుకు చాలా కిందుంది. తీగ బలం చూశాం, బాగుంది. చివరి పరీక్షగా పన్నెండు ముక్కలను 37 డిగ్రీల దగ్గర, రక్తంలో ఉండే లవణాలు కలిపిన నీటిలో వేలాడదీసి, ఒక్కోదానికి చిన్న బరువు కట్టాం. పైన గరాటు బోర్లించి బ్యూరెట్లో హైడ్రోజన్ పట్టాం. ఇవన్నీ మీరు లాబొరేటరీలో చూసే వస్తువులే.

నాలుగు వారాలు గడిచాయి. పదకొండు ముక్కలు నిలబడ్డాయి. ఒకటి మాత్రం తొమ్మిదో రోజునే తెగింది.

అది క్లిప్పుకు దగ్గరగా తెగింది. క్లిప్పు నొక్కుడు వల్ల తెగితే దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మా వృత్తిలో మామూలే. నేనూ అలాగే అన్నాను. మా విభాగంలో కొత్తగా చేరిన ఇంజనీరు అమ్మాయి ఒకావిడ తెగిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, "సార్, ఇక్కడ క్లిప్పు ఒత్తిన గుర్తు లేదు. గుంట ఉంది. ఇంకో డజను పెట్టి చూద్దాం" అంది. ఇంకో డజను అంటే ఇంకో నాలుగు వారాలు. నివేదిక గడువు ఆ శుక్రవారమే. "ఒక్క ముక్క కోసం నెల ఆగుతామా అమ్మా?" అన్నాను. నివేదికలో పదకొండు ముక్కల సగటు రాశాను. పన్నెండో ముక్క ఉన్నట్టే రాయలేదు. కింద నా సంతకం.

అబద్ధం ఎక్కడా రాయలేదని అప్పట్లో అనుకున్నాను. రాసిన ప్రతి అంకె నిజమే. రబ్బరు వాడానన్న సంగతి నాకు తట్టలేదు.

మేకల కాలి ఎముకలకు ఆ తీగ కట్టారు. రెండో వారంలో అక్కడి పశువైద్యుడు ఫోను చేశారు. ఒక మేక కాలు వాచింది, ఎక్స్‌రేలో చర్మం కింద నల్లటి గాలి బుడగ కనిపిస్తోంది, తీగ తెగి ఉంది. ఆయన కోప్పడలేదు. ఒక్కటే అడిగారు. "మీ పరీక్షల్లో ఇలాంటిది ఒక్కటైనా కనిపించిందా?"

ఫోను పట్టుకుని ఎంతసేపు ఊరుకున్నానో గుర్తులేదు. "కనిపించింది. ఒకటి. నేను రాయలేదు" అన్నాను.

ప్రయోగం ఆపేశారు. ఆ మేకకు మళ్లీ ఆపరేషన్ చేసి స్టీలు తీగ వేశారు. బతికింది కానీ ఆ కాలు కొంచెం ఈడ్చేది. నేను వెళ్లి చూశాను. అది తల ఎత్తి నన్నొకసారి చూసి మళ్లీ గడ్డి మేసుకోవడంలో పడింది. అమ్మ మోకాలు గుర్తొచ్చింది. ఇదే తీగ మనిషికి కట్టి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. 1906లో బెల్జియంలో జరిగినదాన్ని నేను ఎన్నోసార్లు పాఠంలా ఇతరులకు చెప్పినవాణ్ణి. వందేళ్ల తరవాత అదే తప్పు నా చేతి మీదుగా జరిగింది.

కారణం వెతికాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తీగ పొడవునా సన్నటి గీతలు, ఆ గీతల్లో ఇరుక్కున్న ఇనుప రజను కనిపించాయి. కరిగించిన లోహంలో ఇనుము లేదు, నిజమే. అది తరవాత పైనుంచి వచ్చి చేరింది. డైలు మార్చేటప్పుడు తీగ మీది జిడ్డు పోవడానికి మా పనివాడు అంట్లు తోమే స్టీలు పీచుతో తుడిచేవాడు. అతని తప్పేమీ లేదు. పని సూచనల కాగితంలో "తీగను శుభ్రం చెయ్యాలి" అని మాత్రమే ఉంది. దేనితో శుభ్రం చెయ్యాలో, దేనితో చెయ్యకూడదో లేదు. ఆ కాగితం రాసింది నేనే.

నివేదిక తిరగరాశాను. పాత అంకెల మీద ఒక్కో గీత కొట్టి, పక్కన కొత్తవి వేసి, పన్నెండో ముక్క ఫొటో జతచేసి పంపాను. ఆ అమ్మాయిని పిలిచి క్షమించమన్నాను. ప్రాజెక్టు ఏడాది వెనకబడింది. నా మీద పైవాళ్లకు నమ్మకం మళ్లీ కుదరడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. అది న్యాయమే.

తరవాత పద్ధతులు మార్చాం. ఆ గదిలోకి ఇనుప పనిముట్టు రాకూడదు. తుడవడానికి నైలాన్ గుడ్డ. చివర్లో పలచటి ఆమ్లంలో ముంచి పైపొరను, దానితోపాటు ఇనుప రజనును తీసేస్తాం. తీగను కొత్తగా ఉన్నప్పుడు మాత్రమే లాగి చూసి సంతోషపడం. ఉప్పునీటిలో రెండు వారాలు, నాలుగు వారాలు, పన్నెండు వారాలు నానబెట్టి, అప్పుడు లాగి చూస్తాం. ఎముకకు బలం కావలసింది తీగ తయారైన రోజున కాదు. అతుకు పడేదాకా ప్రతిరోజూ కావాలి. నివేదికలో మొదటి వరుసలో సగటు ఉండదు, అన్నిటికంటే తక్కువ అంకె ఉంటుంది. సగటు రెండో వరుసలో. తెగిన ప్రతి ముక్కకూ ఒక పేజీ. దేన్నయినా లెక్కలోంచి తియ్యాలంటే తియ్యాలన్న మనిషి కాకుండా ఇంకొకరు సంతకం చెయ్యాలి. ఈ నియమం పెట్టమని అడిగింది ఆ అమ్మాయే. ఇవాళ ఆ విభాగం ఆవిడ చేతుల్లో ఉంది.

పిల్లలు నిరాశపడకండి. ఈ లోహం మీద పని ఆగలేదు. జర్మనీలో తయారైన మెగ్నీషియం మిశ్రమలోహపు స్క్రూలకు 2013లో ఐరోపాలో అనుమతి వచ్చింది. ఎముకలో బిగిస్తారు, మళ్లీ తియ్యనక్కరలేదు. గుండె రక్తనాళాల్లో పెట్టి తరవాత కరిగిపోయే మెగ్నీషియం స్టెంట్‌కు 2016లో అక్కడే అనుమతి వచ్చింది. సన్నటి తీగల విషయంలో పని ఇంకా చాలా ఉంది. కారణం ఇందాకటి లెక్కే. సన్నగా ఉన్నదానికి గుంటను ఓర్చుకునే చోటు తక్కువ. పైన పూతలు వేసి చూస్తున్నారు, ఇంకా శుద్ధమైన లోహం తీస్తున్నారు, స్ఫటిక రేణువులను ఇంకా చిన్నవి చేస్తున్నారు. అతికాక అదే పోయే తీగ వస్తుంది. అది తీసేవాళ్లలో ఇక్కడ కింద కూర్చున్నవాళ్లు ఒకరుండొచ్చు.

మాస్టారు ఈ వేళ మన మధ్య లేరు. ఆయనకు చెప్పాల్సిన జవాబు మీకు చెప్పాను.

చివరిగా ఒక మనవి. పొద్దున వరండా చివర గదికి వెళ్లాను. తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే విరిగిన బెంచీలు, పాత ఎన్నికల పెట్టెలు కనిపించాయి. వేపచెట్టు మాత్రం అలాగే ఉంది. స్వర్ణోత్సవం గుర్తుగా బడికి స్వాగత ద్వారం కట్టించాలని సంఘం అనుకుంటోందని విన్నాను. కట్టించండి, నా వంతు నేనూ ఇస్తాను. కానీ ముందు ఆ గది తాళం తీద్దాం. ఒక మంచి త్రాసు, డజను బ్యూరెట్లు, కళ్లద్దాలు, ఒక బక్కెట్ పొడి ఇసుక, ఒక చుట్ట మెగ్నీషియం తీగ. ఇసుక ఎందుకంటారా? మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. ఇది పుస్తకంలో చదివి మర్చిపోయే సంగతి. ఒక్కసారి చూస్తే మర్చిపోరు. ఈ ఖర్చుకు మా బ్యాచ్ తరఫున నేను మాట ఇస్తున్నాను. ఇందాక భోజనాల దగ్గర అడిగితే మావాళ్లెవరూ కాదనలేదు.

ఆ లాబొరేటరీకి నా తరఫున ఒక చిన్న వస్తువు తెచ్చాను. ఈ గాజుసీసాలో ఉన్నది ఆ పన్నెండో ముక్క. రెండుగా తెగి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే గుంట కనిపిస్తుంది. సీసా మీద తేదీ, ఎన్నో రోజున తెగిందీ, ఎవరు గమనించారో, ఎవరు లెక్కలోంచి తీసేశారో రాసి అంటించాను. దీన్ని సైన్సు టీచరు గారికి అప్పగిస్తున్నాను. మీ ప్రయోగాల పుస్తకంలో ఒక అంకె మిగతావాటితో కలవనప్పుడు, రబ్బరు కోసం చెయ్యి వెళ్లినప్పుడు, ఈ సీసాను ఒకసారి తీసి చూడండి.